నోటిపిలుపు

నా డైరీలో పోయిన శ్రావణమాసం రెండో శుక్రవారం పేజీలో ఒక వాక్యం ఉంది: "అమ్మ ఒప్పుకోదు కాబట్టి ఆమెకు బొట్టు పెట్టి పిలవలేదు." నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ లేదు. అది అబద్ధం. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అలాంటి పుస్తకంలో అబద్ధం ఎవరికోసం రాశానని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. జవాబు తెలిసినప్పుడల్లా ఆ పేజీ మూసేశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది జంషెడ్‌పూర్‌లో, సువర్ణరేఖ నది అవతల మాంగో అనే పేటలో, ఆటోలు కష్టం మీద దూరే సందులో రెండంతస్తుల ఇల్లు. కింద మేము ముగ్గురం: ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా చేసే నాన్న, అమ్మ, నేను. పైన ఒక గది, దాని ముందు డాబా. నేను నదికి ఆ ఒడ్డున, సాక్చీలో ఒక ప్రైవేటు స్కూలు లైబ్రరీలో పని చేస్తాను. ఎక్కువ మాట్లాడను. మాట్లాడాల్సినవి రాత్రికి రాసుకుంటాను.

చలికాలం చివర్లో పైగదికి ఒకావిడ అద్దెకు వచ్చింది. మా ఊళ్ళోనే లోహాల మీద పరిశోధన చేస్తోంది. ఘనా దేశంలో పుట్టింది. వాళ్ళమ్మ ఉద్యోగం నైరోబీలో కావడంతో అక్కడ చదువుకుంది, డిగ్రీ జోహానెస్‌బర్గ్‌లో చేసింది. వయసు ముప్ఫై దాటింది. మనిషి ఎంత పొడుగంటే మా గుమ్మం దగ్గర తల వంచాల్సి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు, అమ్మకు తెలుగు, కొంచెం హిందీ. మధ్యలో నేను.

"ఏటి తింతాదో అడగవే ముందు," అంది అమ్మ.

అడిగాను. "అన్నం. రోజుకు రెండుసార్లు. మీ అందరికన్నా బాగా వండుతాను," అందామె.

"అన్నం తింటుందట," అన్నాను అమ్మతో. చివరి మాట మింగేశాను. నేను వదిలేసిన మొదటి మాట అదే. అప్పుడది మర్యాద అనుకున్నాను.

"అన్నం తినే మనిషైతే ఇంకేటి గొడవ? ఉండమను," అంది అమ్మ.

తాళంచెవి ఇవ్వడానికి పైకి వెళ్ళినప్పుడు ఆమె ఒక సంగతి చెప్పింది. ఈ ఊళ్ళో అప్పటికే రెండు గదులు మారింది. రెండోసారి ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఆమె పెట్టెలు మెట్ల మీద ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. "మీవాళ్ళకు నేను వద్దనిపిస్తే ముందు నువ్వు చెప్పు. ఎంత చెడ్డ మాటైనా సరే. పెట్టెల్ని చూసి తెలుసుకోవడం నావల్ల కాదు," అంది. చెప్తానన్నాను. ఆమె నావైపు కాసేపు చూసింది, చెప్తానా లేదా అని తూచుతున్నట్టు. నేను చూపు దించలేదు. ఆ రోజు నేను గట్టిదాన్నని నాకే అనిపించింది.

నిజానికి ఆమె వచ్చిందని నాకు లోలోపల పండగ. మా స్కూలుకు ఎవరో దానంగా ఇచ్చిన పుస్తకాల పెట్టెలో ఆఫ్రికా రచయిత్రుల నవలలు ఏడెనిమిది దొరికాయి. వాటిని ఒక్కొక్కటే ఇంటికి తెచ్చి బీరువాలో చీరల మడతల కింద దాచుకుని చదివాను. నచ్చిన చోటల్లా పెన్సిలుతో సన్నగా గీతలు గీశాను. మొగుడి మాట కాదన్న ఆడవాళ్ళు, పరాయి నగరాల్లో జుట్టు అల్లించుకోవడానికి చోటు వెతుక్కునే ఆడవాళ్ళు, ఇంటిపేరు మార్చుకోనన్నవాళ్ళు అందరూ వాటిలో ఉన్నారు. ఇప్పుడు అందులోంచి ఒకరు లేచి మా పైగదిలో దిగినట్టే అనుకున్నాను. ఆమె గురించి నాకు ముందే తెలుసనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సాయంత్రాలు డాబా మీద బట్టలు తీసే వంకతో ఆమె దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు వాళ్ళ అమ్మమ్మ గురించి అడిగాను. నిప్పు పక్కన కూర్చుని కథలు చెప్పేదా అని.

"నిప్పా?" అంది. "మా అమ్మమ్మకు బజారులో బట్టల కొట్లు నాలుగు. ఒళ్ళో రెండు ఫోన్లుండేవి. కథలు మా తాతయ్య చెప్పేవాడు, ఆయనకు వేరే పని ఉండేది కాదు కాబట్టి."

ఇంకోసారి ఆమె పెద్దపెద్ద ఆకుల అచ్చున్న గౌను వేసుకుంటే, "ఇది మీ సంప్రదాయ దుస్తులా?" అన్నాను. ఆమె ఆ గౌను అంచు పట్టుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది: "అద్దకం జావా వాళ్ళది. దాన్ని చూసి నకలు చేసింది హాలండ్ వాళ్ళు. ఈ ముక్కను ముద్రించింది చైనాలో. కుట్టింది సాక్చీలో మీ దర్జీ, అదీ రెండుసార్లు విప్పి. అవును, పూర్తిగా మా సంప్రదాయమే." నేను నవ్వాలో లేదో తెలియక తీగ మీద ఆరిన బట్టల్నే మళ్ళీ మడతపెట్టాను. ఆమే అంది: "మా దుఃఖాలు బాగానే చదివినట్టున్నావు. మా వేళాకోళాలు కూడా చదువు."

మీది ఏ ఊరని నన్నూ అడిగేది. జంషెడ్‌పూర్ అంటే ఒప్పుకునేది కాదు. "మరి మొన్న ఆటో అతను నిన్ను మద్రాసీ అన్నాడే?" తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడని, ఇంట్లో తెలుగని, బయట హిందీ అని, సొంతూరు వెళ్తే అక్కడివాళ్ళు మమ్మల్ని హిందీవాళ్ళంటారని చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. "పాస్‌పోర్టు ఖర్చు లేకుండా నువ్వూ నాలాగే అయ్యావన్నమాట," అంది. నేను ఆమెను అక్కా అని పిలవడం ఆ రోజునుంచే. వాళ్ళ దగ్గర కూడా పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరట. అమ్మకు మాత్రం ఆమె ఎప్పుడూ "పైన పిల్ల".

ఆమెకు ఆరేళ్ళ కూతురుంది. ఘనాలో వాళ్ళ ఊరు అక్రాలో, అమ్మమ్మ దగ్గర ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఇది రహస్యంలా చెప్పలేదు, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పింది. నేను మాత్రం రహస్యంలా విన్నాను.

ఆ ధైర్యంతో నేనూ నా గొప్ప ఒకటి చెప్పుకున్నాను. మా ఆడవాళ్ళ పేరంటాలకు భర్త పోయినవాళ్ళను పిలవరని, మావయ్య పోయాక సందు చివరుండే మా మేనత్తను ఎవరూ పిలవడం లేదని, నాకది అన్యాయంగా తోస్తుందని. నా ఇంగ్లీషు నాకే నచ్చింది ఆ రోజు.

"మరి నువ్వేం చేశావు?"

"డైరీలో రాశాను. మూడు పేజీలు."

ఆమె నవ్వలేదు. "ఓ," అంది. అంతే.

శ్రావణం వచ్చింది. రెండో శుక్రవారం మా ఇంట్లో పేరంటం. మాలో పేరంటానికి పిలవడమంటే కబురు పంపడం కాదు. గడప గడపకూ కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళి, ఆ ఇంటి ఆడవాళ్ళ నుదుట బొట్టు పెట్టి, మా ఇంటికి పేరంటానికి రండి అనాలి. అప్పుడే అది పిలుపు. బొట్టు పెట్టకుండా రమ్మంటే అది నోటిపిలుపు. నోటిపిలుపుకు ఎవరూ రారు. ఆ సంగతి పిలిచేవాళ్ళకూ తెలుసు, పిలిపించుకునేవాళ్ళకూ తెలుసు. వద్దు అనకుండా వద్దనడానికి మా పెద్దవాళ్ళు కనిపెట్టిన పద్ధతి అది.

పొద్దున్నే అమ్మ భరిణె నా చేతిలో పెట్టింది. "ఎదురింటి పిన్నికి, మూలింటోళ్ళకి, కొళాయి దగ్గరోళ్ళకి. ఒచ్చీటప్పుడు పైన పిల్లకీ ఎట్టు. మర్సిపోకు, మల్లీ ల్యాబని ఎలిపోద్ది."

అమ్మ ఈ మాటలే అంది. ఇవే.

మొదట ఎదురింటి పిన్ని. చుట్టరికం లేదు, ఊరు ఒకటే కాబట్టి పిన్ని. ఈ సందులో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండా చెప్పగలదు. నేను బొట్టు పెడుతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"సూడే గుంటా, పైనున్నదాన్ని గానీ పిలుత్తన్నారేటి?"

నేను భరిణె వైపు చూశాను.

"మొగుడూ నేడు, పెళ్ళీ నేదు, కూతురు మాత్తరం ఉందంట. ఫోన్లో దాంతోటి మాటాడతంటే నానే సూసినాను. అలాంటి మనిషిని తెచ్చి మా పక్కన కూకోబెడతాదేటి మీ అమ్మ?"

ఆవిడ వేళ్ళింకా నా మణికట్టు మీదే ఉన్నాయి. నేను చదివిన నవలలన్నిట్లో ఆడవాళ్ళు సరిగ్గా ఇలాంటి చోటే నోరు విప్పుతారు. నేనూ విప్పాను.

"కాదు పిన్నీ. మొగుడున్నాడు. లండన్లో."

"మరి మెళ్ళో ఏదే?"

"వాళ్ళకు ఉంగరం, పిన్నీ."

"ఊఁ," అని మణికట్టు వదిలింది. నమ్మిందో లేదో తెలియలేదు.

మిగతా ఇళ్ళు పిలిచి మా మెట్ల దగ్గరకు వచ్చి ఆగాను. పిన్ని కిటికీ మా మెట్లకు ఎదురుగానే ఉంటుంది. పైగది అక్క నుదుట బొట్టు చూస్తే ఏమంటుందో, ఉంగరం చూపించమంటుందేమో, అందరిముందూ అడిగేస్తే ఏంచేయాలో. బొట్టు పెట్టకపోతే? పెట్టకపోతే ఆమె రాదు. రాకపోతే ఏ గొడవా లేదు. అమ్మకు పిలిచానని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. ఇదంతా పదిహేను మెట్లలో ఆలోచించాను. చివరి మెట్టు మీద భరిణెను చున్నీ కిందకు జరిపాను.

ఆమె తలుపు తీసింది, నోట్లో బ్రష్షు. "సాయంత్రం కింద పేరంటం ఉంది. మీరూ రండి," అన్నాను.

ఆమె బ్రష్షు తీసేసి, "భర్త లేనివాళ్ళను పిలవరన్నావు కదా?" అంది.

"అదేం లేదు. రావచ్చు."

ఆమె ముఖం విప్పారిన తీరు నాకిప్పటికీ కనిపిస్తుంది. నా మూడు పేజీలు పని చేశాయనుకుంది కాబోలు. "ఏమైనా వండుకు రానా?" అంది. వద్దని చెప్పి దిగిపోయాను. నోటిపిలుపుకు ఎవరూ రారన్న ధీమాతోనే దిగాను. ఆ రివాజు మాది మాత్రమేనని, అక్రాలో పుట్టినావిడకు అది తెలిసే దారే లేదని తట్టలేదు. చదువుకున్నదాన్ని. తట్టలేదు.

ఆమె వచ్చింది. ఆకుల గౌను, చెవులకు పెద్ద ఇత్తడి రింగులు, చేతిలో రేకు డబ్బా. అందులో గోధుమపిండి ముక్కలు తియ్యగా వేయించి తెచ్చింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళందరి నుదుటా పొద్దున నేను పెట్టిన బొట్టుంది. ఆమె నుదురు ఖాళీగా ఉంది. అమ్మ ఆ నుదురు చూసింది, నన్ను చూసింది. "దా తల్లీ," అని చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. డబ్బాలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఓలమ్మ, మన గవ్వల్నాగే ఉన్నాయి," అంది. తనే ఆమెకు బొట్టు పెట్టి, పాదాలు ముందుకు జరిపించి పసుపు రాయడం మొదలుపెట్టింది.

"ఆ కాళ్ళకి పసుపేటి కనపడతాదే అక్కా?" అంది ఎదురింటి పిన్ని. "రెండు కొమ్ములు అరగదీసినా సాలవు."

చాప మీద నవ్వు అటు చివరనుంచి ఇటు చివరకు వచ్చింది. అమ్మ నవ్వలేదు. "నీ కళ్ళకి కనపడదేమో. బంగారం నాగుంది," అని రాస్తూనే ఉంది.

పైగది అక్క అందరి ముఖాలూ చూసి తనూ కొంచెం నవ్వి, నావైపు వంగింది. "ఏమంటోంది ఆవిడ?"

చెప్తానని మాట ఇచ్చింది సరిగ్గా దీనికే. చెడ్డ మాటైనా సరే అంది. నేను నోరు తెరిచాను.

"మీ పాదాలకు పసుపు బాగా నప్పిందంటోంది."

ఆమె పిన్ని వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "బహుత్ శుక్రియా, ఆంటీ," అంది.

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అమ్మ ఆమె ఒళ్ళో అరటిపండు, శనగలు పోసింది. ఆమె అన్నీ గౌనులో పట్టుకుని సంతోషంగా మెట్లెక్కింది. పసుపు నిజంగానే ఆమె పాదాల మీద మా అందరికన్నా స్పష్టంగా కనిపించింది. మెట్టు మెట్టుకూ కనిపించింది.

ఆ రాత్రి డైరీలో రాసుకున్న వాక్యాన్నే మొదట్లో చెప్పాను.

తరవాతి శుక్రవారం పిన్నిగారింట్లో పేరంటం. పొద్దున్నే భరిణెతో మా గుమ్మంలోకి వచ్చింది. అమ్మకు పెట్టింది, నాకు పెట్టింది. అప్పుడే పైగది అక్క భుజానికి సంచి తగిలించుకుని మెట్లు దిగుతోంది. నేను భయపడిన మనిషి, నేనెవరికోసం భరిణె దాచానో ఆ మనిషి, ఎదురెళ్ళి మడమలెత్తి ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"షామ్ కో ఆనా, హమారా ఘర్. హస్బెండ్ లండన్ సే కబ్ ఆయేగా?" సాయంత్రం రమ్మంటూనే, మొగుడు లండన్ నుంచి ఎప్పుడొస్తాడని కూడా అడిగింది.

"ఎవరి హస్బెండ్?"

"ఆప్‌కా, ఔర్ కిస్‌కా!" నీ మొగుడే, ఇంకెవరి మొగుడు అని నవ్వుతూ పక్కింటికి పోయింది.

పైగది అక్క కదల్లేదు. వేలు నుదుటికి తీసుకెళ్ళి, ముట్టకుండానే దించింది. "ఇదెందుకు పెట్టింది?"

"పిలవడానికి."

"మీ పేరంటం రోజు పొద్దున నీ చేతిలో ఇలాంటి గిన్నె ఉంది. చున్నీ కింద," అంది. "అదేదో నీ సొంత వస్తువనుకున్నాను."

నేనప్పుడు చెప్పాను. మొత్తం. బొట్టుకూ నోటికీ తేడా, మణికట్టు, లండన్, కిటికీ. నా ఇంగ్లీషు విరిగిపోయింది, మధ్యలో హిందీ వచ్చింది. ఆమె వింటూ నిలబడింది. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఏటైనాదే? ఏటంతంది?" అంటోంది.

"మా దగ్గర ఎవరైనా తింటున్నప్పుడు ఇంకొకరు వస్తే, రండి తిందాం అంటారు," అంది పైగది అక్క నెమ్మదిగా. "అది ఊరికే అనే మాట. లేదు, మీరు కానివ్వండి అనాలి. నోటిపిలుపు నాకు తెలియదనుకున్నావా? నువ్వు అన్ని మెట్లెక్కి వచ్చి అడిగావు కాబట్టి ఇది నిజం పిలుపనుకున్నాను."

నేను నేల చూశాను.

"భర్త ఉంటే బొట్టు, లేకపోతే నోటిమాట. సరే, అది మీ సందు సంగతి. నా కూతురిని నేనెక్కడా దాచలేదు. నువ్వు దానికి లండన్లో ఒక తండ్రిని కట్టబెట్టావు." ఆగింది. "ఆ రోజు పాదాల గురించి ఆవిడ నిజంగా ఏమంది?"

చెప్పాను.

తల ఊపింది, ఊహించినట్టే. "అలాంటి మాటలు నాకు కొత్త కాదు. నాలుగు దేశాల్లో విన్నాను. కానీ ఇంతవరకూ ఎవరూ నాచేత వాటికి థాంక్స్ చెప్పించలేదు."

ఆమె సంచి సర్దుకుని ల్యాబ్‌కు వెళ్ళిపోయింది. నుదుటి మీద బొట్టు అలాగే ఉంది. తుడుచుకుంటే బాగుండేదని నాకనిపించింది. నాకోసమే అనిపించింది, ఆమెకోసం కాదు.

అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ స్టవ్వు ఆపి విన్నది.

"నానెట్టమన్నాను గదా?"

"నువ్వు... మొగుడు లేడని తెలిస్తే..."

"నాకు తెల్దేటి?" అంది అమ్మ. "ఆ గుంటను ఫోన్లో సూపించినప్పుడే అడిగినాను, అయ్యేడీ అని. నేడని సెయ్యూపింది. నానూ ఊరుకున్నాను. బిడ్డను కన్న తల్లికి బొట్టెట్టడానికి మద్దిలో ఆడెందుకే?" స్టవ్వు మళ్ళీ వెలిగించింది. "నువ్వు సదూకున్నావు కదా, నీకెక్కువ తెలుసనుకున్నాను."

మేనత్తను అమ్మ కూడా పిలవదు. అమ్మ ఏమీ పెద్ద సంస్కర్త కాదు. కానీ ఆ పదిహేను మెట్ల మీద అమ్మ లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. మూడు పేజీలు ఏ రివాజును తిట్టానో ఆ రివాజునే, మా ముసలివాళ్ళకన్నా నేర్పుగా, వాడుకున్నాను. ఆపైన ఆ తప్పును డైరీలో అమ్మ మెడకు కట్టాను.

వారం తిరక్కుండా ఆమె నదికి ఆ ఒడ్డున భాలుబాసాలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఉండడానికి ఇల్లు చూసుకుంది. ఆ సంగతి అమ్మతో తనే చెప్పింది, వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో. అమ్మ నావైపు తిరిగింది. "నానేటి తప్పు సేసినానో అడుగు."

అడిగాను, ఉన్నదున్నట్టు.

"అమ్మ ఏ తప్పూ చేయలేదని చెప్పు."

"నువ్వే తప్పూ చేయలేదంట," అన్నాను. ఆమె అనని మాట ఒకటి నేనే కలిపాను: "తప్పు నాదమ్మా."

ఆదివారం ఆటో వచ్చింది. ఆమె పెట్టెలు మెట్ల మీద వరసగా ఉన్నాయి. ఈసారి ఆమే పెట్టింది. ఇంటినుంచి వెళ్ళే ఆడపిల్లకు చేసినట్టే అమ్మ జాకెట్టు ముక్క, పండ్లు, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టి నాచేత పట్టించింది. అమ్మకు అందేలా ఆమె బాగా వంగింది. అమ్మ బొట్టు పెట్టి గడ్డం పుచ్చుకుని ముద్దు పెట్టుకుంది. తరవాత నాతో, "నువ్వూ ఎట్టు," అంది.

నేను కుంకుమలో వేలు ముంచాను. ఆమె అప్పటికే నిటారుగా నిలబడింది. మళ్ళీ వంగలేదు. వంగమని అడగడానికి నాకు నోరు రాలేదు. వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. అప్పుడు ఆమె పళ్ళెంలోంచి భరిణె తీసుకుని, ఉంగరం వేలుతో నా నుదుట బొట్టు పెట్టింది. పెద్దదే పెట్టింది. కొంచెం నా ముక్కు మీద రాలింది.

"వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా," అంది. "పద్ధతి సరిగ్గానే చేశానా?"

ఆటో సందు దాటాక అమ్మను అడిగాను, వెళ్ళకపోతే ఏమవుతుందని.

"బొట్టెట్టి పిలిసింది గదా? అలా పిలిత్తే పగోడింటికైనా ఎల్లాల," అంది అమ్మ.

వారమంతా జ్వరం రావాలని కోరుకున్నాను. రాలేదు. ఆదివారం వాన. నది వంతెన కమ్ముల కింద ఎర్రగా పారుతోంది. షేర్ ఆటోలో మోకాళ్ళ మీద అమ్మ చేసిన గవ్వల డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. భాలుబాసాలో దిగి, ఆ ఇంటి ముందు గొడుగు మూస్తూ, తెరుస్తూ కొంతసేపు గడిపాను. ఆఖరికి తలుపు కొట్టాను.

లోపల ముగ్గురే. పైగది అక్క, ఆమెతో నైరోబీలో ఒకే బడిలో చదివిన స్నేహితురాలు, వాళ్ళతో ఉండే ఒక నాగా అమ్మాయి. నేల మీద చాప. టమాటా గుజ్జుతో ఎర్రగా వండిన అన్నం. బాగుంది, మా ఇంట్లోకన్నా బాగుంది. ఆమె మొదటి రోజే ఆ మాట చెప్పింది, నేనే అమ్మకు చెప్పలేదు.

నేను రెండో ముద్ద తీసుకుంటుండగా నైరోబీ స్నేహితురాలు నన్ను చూస్తూ వాళ్ళ నైరోబీ భాషలో ఏదో అంది. పైగది అక్క ఫక్కున నవ్వింది. భాష రాకపోయినా నాగా అమ్మాయి కూడా నవ్వు కలిపింది. నేనూ కొంచెం నవ్వాను. నవ్వాక తెలిసింది, ఆ రోజు చాప మీద ఆమె నవ్వినది ఇలాగేనని.

"ఏమంది?" అన్నాను.

పైగది అక్క చెంచా కింద పెట్టింది. నా కళ్ళలోకి చూసి ఒక్కొక్క మాటే చెప్పింది.

"'గిన్నె దాచింది ఈ అమ్మాయేనా? దీనికి మాంసం ముక్కలు కూడా ఎందుకు వేశావు?' అంది."

మంచినీళ్ళు తాగాను. స్నేహితురాలు చూపు తిప్పుకోలేదు.

"నేనే," అన్నాను ఆవిడతో.

ఆవిడ మళ్ళీ ఏదో అంది, ఈసారి కొంచెం పొడుగ్గా. పైగది అక్క నన్ను చూసింది. "ఇది ఇంకా బాగుండదు. చెప్పనా?"

"చెప్పక్కా," అన్నాను.

చెప్పింది. ఒక్క మాటా వదల్లేదు.